దుబాసి మౌనం

రెండు భాషలు వచ్చినవాడు ఒక భాషలో విన్నదానిని రెండవ భాషలో తడుముకోకుండా చెప్పగలడని లోకంలో ఒక నమ్మకం ఉన్నది. చెప్పడంలో క్షణం ఆలస్యమైతే “వీనికి భాష సరిగా రాదు” అని తీర్పు చెప్పే అలవాటు కూడ ఉన్నది. ఈ నమ్మకమూ, ఈ తీర్పూ రెండూ పొరపాటనీ, ఆ పొరపాటు వలన మన విద్యార్థులకూ వారి కుటుంబాలకూ నష్టం కలుగుతున్నదనీ మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉప్పల్ దాటి వరంగల్ బాటను సాగే మన ప్రాంతంలో తెలుగు, ఉర్దూ పక్కపక్క గడపలలో వినిపించే భాషలు. నాచారం కర్మాగారాలకు బ్రతుకుతెరువు కోసం వచ్చినవారి భాషలు వీటికి అదనం. ఇటువంటి చోట ఇంటికొక దుబాసి తప్పనిసరి. ఆ దుబాసి చాలా ఇండ్లలో మన కళాశాల విద్యార్థియే. బ్యాంకులోను, రేషన్ దుకాణంలోను, ఆసుపత్రిలోను అమ్మకూ నానమ్మకూ మాట అందించేది అతడే.

కొంతకాలం క్రితం నారపల్లి వద్ద జరిగిన ఒక వైద్య శిబిరానికి విద్యార్థులతో కలిసి వెళ్లాము. వృద్ధురాలైన ఒక ఉర్దూ మాతృభాషా మహిళకు మన విద్యార్థి ఒకడు మాట సాయం చేస్తున్నాడు. డాక్టరమ్మ తెలుగులో, “ఈ నొప్పి మాత్రలు మాత్రం రోజూ” అని, చీటీ మీద ఏదో వ్రాయడానికి ఆగింది. వెనుక వరుసలోనివారు “తొందరగా చెప్పు బాబూ” అన్నారు. విద్యార్థి ఆగలేకపోయాడు. “ఖాలా, యే దర్ద్ కీ గోలీ రోజ్ ఖానా” అన్నాడు. ఆమె తల ఊపింది. అప్పుడు డాక్టరమ్మ వాక్యం ముగించింది: “వేసుకోవద్దు.” అతడు నాలుక కరచుకొని “నక్కో ఖావ్, ఖాలా” అని దిద్దుకొన్నాడు. కాని మొదట విన్న మాట ఆమె మనసులో నాటుకొని పోయింది. బయటికి వచ్చిన తరువాత “రోజ్ ఖానా బోలే నా, బేటా?” అని ఆమె మళ్లీ అడిగింది. మేము మూడుమార్లు విడమరచి చెప్పవలసి వచ్చింది.

ఆ విద్యార్థికి తెలుగు వచ్చు, ఉర్దూ వచ్చు. అతనికి లోపించినది భాష కాదు. ఆగడానికి ధైర్యం లోపించింది. ఆ ధైర్యాన్ని మేము అతనికి నేర్పలేదు. కనుక దోషంలో మా భాగం కూడ ఉన్నది.

వక్త మాట చెవిన పడడానికీ, దుబాసి నోట అది వేరొక భాషలో వెలువడడానికీ నడుమ కొంత ఎడం ఉంటుంది. ఫ్రెంచి వారు దీనిని డెకలాజ్ అంటారు. వక్త మాట్లాడుతూ ఉండగానే వెంటవెంట అనువదించేవారిలో ఈ ఎడం సాధారణంగా రెండు నుండి నాలుగు సెకండ్ల వరకు ఉంటుందని పరిశోధకులు గమనించారు. చూచేవారికి ఇది మౌనం. దుబాసికి మాత్రం అత్యంత కఠినమైన శ్రమ జరిగే సమయం ఇదే. ముందు వాక్యాన్ని పలుకుతూ, తరువాతి వాక్యాన్ని వింటూ, నడుమ ఉన్నదానిని జ్ఞాపకంలో పట్టి ఉంచవలెను. వినడం, జ్ఞాపకం, పలకడం అనే ఈ మూడు శ్రమలనూ, వాటిని సమన్వయించే నాలుగవ శ్రమనూ డేనియల్ జిల్ అనే ఫ్రెంచి ఆచార్యుడు 1980లలో విశదీకరించాడు. ఒకదానికి శక్తి ఎక్కువ వెచ్చిస్తే మరొకదానికి తక్కువ పడుతుందని ఆయన సిద్ధాంత సారాంశం.

ఈ ఎడం ఎందుకు అవసరమో గ్రహించడానికి మన రెండు భాషలే చాలును. ఉర్దూలో ‘కల్’ అంటే నిన్న, రేపు కూడ. “కల్ హమ్ హస్పతాల్” అన్నంతవరకు వినిన దుబాసి తెలుగులో ఏమి చెప్పగలడు? వాక్యం చివర “గయే” అని వస్తే నిన్న, “జాయేంగే” అని వస్తే రేపు. అదే వాక్యంలోని ‘హమ్’ తెలుగులో ‘మేము’ కావచ్చును, ‘మనము’ కావచ్చును. వినేవానిని కలుపుకొని అన్నారా, విడిచి అన్నారా అన్నది సందర్భం చెప్పవలసిందే. ఇక తెలుగులో అవునూ కాదూ తేలేది క్రియ కడపట. “వేసుకో” వరకు ఒక్కటే. ఆపైన ‘వాలి’ వస్తే ఆజ్ఞ, ‘వద్దు’ వస్తే నిషేధం. శిబిరంలో జరిగిన పొరపాటుకు మూలం ఇదే.

ఎడం ఎక్కువైన కొలదీ మంచిదని దీని అర్థం కాదు. సంఖ్యలను చూడండి. ఉర్దూలో ‘ఉనాసీ’ డెబ్బై తొమ్మిది, ‘నవాసీ’ ఎనభై తొమ్మిది. ఇటువంటి మాట విని నాలుగు సెకండ్లు మోస్తే జారిపోవడమే జరుగుతుంది. పేర్లు, తేదీలు, మందుల మోతాదులు కూడ ఇంతే. వాటిని వెంటనే చెప్పవలెను, లేదా కాగితం మీద వ్రాసుకొనవలెను. “నిదానమే ప్రధానం” అన్న సామెతా మనదే, “ఆలస్యం అమృతం విషం” అన్న సామెతా మనదే. భావానికి మొదటిది, అంకెకు రెండవది అని తెలిసి మెలగడమే దుబాసి విద్య.

తొందర వలన తప్పులు పెరుగుతాయన్నది ఊహ మాత్రమే కాదు. ఆంగ్ల ప్రసంగాన్ని బధిరుల కొరకు సైగల భాషలోకి మార్చేవారిని అమెరికాలో డెన్నిస్ కోక్లీ పరిశీలించి 1986లో ఫలితాలు ప్రకటించాడు. వక్తకు రెండు సెకండ్లు వెనుకగా సాగినవారి పొరపాట్లు, నాలుగు సెకండ్లు వెనుకగా సాగినవారి పొరపాట్లకంటె రెట్టింపును మించినవి. పరిశీలించినది కొద్దిమందినే అయినా, వేగమే ప్రతిభ అనుకొనేవారికి ఇది మంచి హెచ్చరిక.

1945 నవంబరులో జర్మనీలోని న్యూరెంబర్గ్ నగరంలో యుద్ధ నేరస్థుల విచారణ ఆరంభమైనప్పుడు ఆంగ్లం, ఫ్రెంచి, రష్యన్, జర్మన్ భాషలలో ఏకకాలంలో అనువాదం సాగింది. జర్మన్ భాషలో కూడ క్రియ తరచు వాక్యం చివర వస్తుంది. దాని కొరకు ఆంగ్ల దుబాసులు కాచుకొనవలసి వచ్చేది. అక్కడ ఒక చక్కని ఏర్పాటు చేశారు. పసుపు దీపం వెలిగితే వక్త నెమ్మదించవలెను. ఎర్ర దీపం వెలిగితే ఆగవలెను. ప్రపంచమంతా చూస్తున్న న్యాయస్థానమే దుబాసి అడిగిన సమయాన్ని గౌరవించినప్పుడు, మన సభలకూ మన ఆసుపత్రి వరుసలకూ అంతకు మించిన తొందర ఏమి ఉన్నది?

మన దేశంలోనూ ఇది న్యాయానికి సంబంధించిన విషయమే. సాక్ష్యం ముద్దాయికి తెలియని భాషలో ఉన్నప్పుడు దానిని బహిరంగ న్యాయస్థానంలో అతనికి తెలిసిన భాషలో వినిపించవలెనని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 279వ సెక్షన్ నిర్దేశించింది. దాని స్థానంలో 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడ ఈ రక్షణను నిలిపి ఉంచింది. దుబాసి తొందరలో జారవిడిచిన ఒక ‘లేదు’ మనిషి స్వేచ్ఛకే ముప్పు కాగలదు.

ఈ వృత్తి చిన్నదని ఎవరూ భావించరాదు. కాశీయాత్ర చరిత్ర రచించిన ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసిగా పనిచేసినవాడే. మన హైదరాబాదులో 1917లో దారుత్తర్జుమా ఏర్పడి, ఉస్మానియా విశ్వవిద్యాలయం కొరకు గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. అక్కడి పండితులకు ఒక్క పారిభాషిక పదం కోసం తీరికగా చర్చించే అవకాశం ఉండేది. వారి తరువాతి తరాలవారమైన మనకు ఆసుపత్రి బల్ల ముందు దొరికేది రెండు మూడు సెకండ్లే. వ్రాత అనువాదానికి ఇచ్చిన గౌరవంలో పదవ వంతైనా నోటి అనువాదానికి ఇవ్వలేదన్నది మా బాధ. అవకాశాలు మాత్రం పెరుగుతున్నవి. లోక్‌సభలో 1964లో ఆంగ్ల, హిందీ భాషల నడుమ ఆరంభమైన ఏకకాల అనువాదం క్రమంగా తెలుగుకు విస్తరించి, 2025 ఫిబ్రవరిలో ఉర్దూను కూడ చేర్చుకొన్నది. తెలంగాణ రాష్ట్రంలో 2017 నుండి ఉర్దూ రెండవ అధికార భాష. రెండు భాషలూ మాతృభాషలవలె వచ్చిన మన విద్యార్థులకంటె ఈ పనికి తగినవారెవరు?

“చేతిలోని ఫోనే అనువదిస్తున్నది గదా, ఈ శ్రమ ఎందుకు?” అని కొందరు విద్యార్థులు మమ్మల్ని అడిగారు. యంత్రాన్ని తక్కువచేయడం మా అభిమతం కాదు. కాని యంత్రానికి కూడ ఈ చిక్కు తప్పలేదు. వక్తకు కొన్ని మాటలు వెనుకగా నడిచే అనువాద యంత్రాన్ని 2018లో చైనా దేశపు ఇంజనీర్లు ప్రకటించారు. ఎన్ని మాటలు ఆగవలెనన్నదే వారికీ ప్రశ్న. ఆగకపోతే రాబోయే క్రియను ఊహించవలసిందే. పైగా ఎదుటి వృద్ధురాలు తల ఊపినది అర్థమై ఊపిందో, మర్యాదకు ఊపిందో కనిపెట్టగలవాడు పక్కన నిలిచిన మనుమడే.

కావున కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఇది. ఉర్దూ, తెలుగు శాఖలు కలిసి వారానికి ఒక్క గంట నోటి అనువాదానికి కేటాయించవలెను. ఒకరు ఉర్దూ పత్రిక చదువుతూ ఉంటే, క్రియ వినిపించేవరకు పెదవి విప్పకుండా ఆగి తెలుగులో చెప్పడం అక్కడ మొదటి పాఠం కావలెను. ఇందుకు యంత్రాలు అక్కరలేదు. ఒక పత్రిక, ఒక గడియారం చాలును. మన వార్షికోత్సవాలలో అతిథి ప్రసంగించేటప్పుడు పక్కన నిలిచే విద్యార్థికి పేర్లు, అంకెలు ముందుగానే అందించవలెను. రెండు మూడు వాక్యాలకొకసారి ఆగమని అతిథిని కోరవలెను. న్యూరెంబర్గ్ దీపానికి బదులుగా ఆ విద్యార్థి చేతిలో ఒక పసుపు కార్డు ఉంచితే అది ఎవరికీ అవమానం కాదు.

విద్యార్థులారా, మీకు మేము చెప్పేది కొద్ది మాటలే. మీ అమ్మ పక్కన ఆసుపత్రిలో నిలిచినప్పుడు వాక్యం ముగిసేవరకు ఆగండి. అర్థం కాకపోతే “డాక్టరు గారూ, మరొక్కసారి చెప్పండి” అనడానికి సిగ్గుపడకండి. మోతాదును చీటీ మీద వ్రాసుకోండి. వెనుకనున్నవారు తొందరపెడితే పెట్టనివ్వండి. మాత్ర వేసుకొనేది వారు కాదు.

శిబిరంలో పొరపడిన ఆ విద్యార్థి ఆ సాయంత్రం మా వద్దకు వచ్చి, “సార్, నాకు తెలుగు ఇంకా బాగా రావాలి” అన్నాడు. “నీకు తెలుగు వచ్చును నాయనా, ఆగడం రావలెను” అన్నాము. మరునాడు అతడే ఆ వృద్ధురాలి ఇంటికి వెళ్లి, మాత్రల డబ్బా తెరచి, ఏది రోజూ వేసుకొనవలెనో, ఏది వేసుకొనరాదో ఆమె చేత తిరిగి చెప్పించుకొని వచ్చాడు. మేము ఈ వ్యాసం వ్రాయడానికి అతడే కారణం.