శ్రీలంక: ఓడినవారి శోకమునకు చోటు

శ్రీలంకలో ప్రభుత్వమునకును, ప్రత్యేక తమిళరాజ్యమును కోరిన ‘పులుల’ దళమునకును నడుమ ఇరువదియాఱేండ్లు సాగిన అంతర్యుద్ధము 2009 మే నెలలో ముల్లైత్తీవు జిల్లాయందలి ముల్లివాయ్‌క్కాల్ తీరమున ముగిసెను. పిమ్మట ఆ ప్రభుత్వము ఉత్తరప్రాంతమున చేసిన నిర్మాణకార్యము స్వల్పమని చెప్ప వీలులేదు. 1990లో నిలిచిపోయిన యాళ్ దేవి రైలు, భారతదేశపు సాయముతో వేసిన పట్టాలమీద, 2014 అక్టోబరులో మరల జాఫ్నా పట్టణము చేరెను. క్యాండీనుండి ఉత్తరమునకు పోవు ఏ-9 రహదారి బాగుపడెను. మందుపాతరలు తీసిన పొలములలో వరి పండుచున్నది. అయినను భూమి ఒకటగుట వేఱు, జాతి ఒకటగుట వేఱు. ఓడినవారు తమ భాషలో ప్రభుత్వముతో మాటాడుటకును, తమ మృతులకొఱకు నలుగురియెదుట ఏడ్చుటకును స్వేచ్ఛ గలిగిననాడే ఆ రెండవది సాధ్యమగును.

యుద్ధము ముగిసిన మరునాడు, మే 19న, అధ్యక్షుడు మహింద రాజపక్స పార్లమెంటున ప్రసంగించుచు, కొన్ని మాటలు తమిళమునను పలికి, ఇకమీదట ఈ దేశమున అల్పసంఖ్యాకులనువారు లేరనియు, దేశమును ప్రేమించువారు, ప్రేమింపనివారు అను రెండే వర్గములున్నవనియు ప్రకటించెను. వినుటకు ఉదారముగా దోచు ఈ మాటలో ఒక చిక్కు కలదు: దేశభక్తి యననేమో నిర్ణయించు అధికార మెవరిది? 1956లో సాలమన్ బండారునాయకె ప్రభుత్వము సింహళము నొక్కదానినే అధికారభాషగా చేసినప్పుడును, 1972 నాటి రాజ్యాంగము బౌద్ధమునకు అగ్రస్థాన మొసగినప్పుడును, ఆ నిర్ణయము అధికసంఖ్యాకులదే యైనది. 1981లో జాఫ్నా గ్రంథాలయము తగులబడి, దాదాపు 97 వేల గ్రంథములు తాళపత్రములతో గూడ భస్మమగుటయు, 1983 జులైలో కొలంబో వీధులలో తమిళులపై మారణకాండ సాగుటయు ఆ నిర్ణయమునకు పిదప పుట్టిన ఫలములే.

నిజమునకు లంక చరిత్ర ఎన్నడును ఏకవర్ణము కాదు. పదునెనిమిదవ శతాబ్దిని క్యాండీ నేలిన కీర్తి శ్రీ రాజసింహుడు మధుర నాయకరాజులతో సంబంధముగల, తెలుగు మూలముగల వంశమువాడు. 1753లో సయాము దేశమునుండి భిక్షువులను రప్పించి, లంకలో అంతరించిపోయిన ఉపసంపదను, అనగా భిక్షువుల ఉన్నతదీక్షను, పునరుద్ధరించినది ఆతని కాలముననే. సింహళబౌద్ధము నేటికిని గౌరవముతో తలచు కార్యమొకటి దక్షిణభారతమునుండి వచ్చిన వంశమువాని పోషణమున నెఱవేఱినదని గ్రహించినవారికి, పరులను వెలివేసినగాని స్వజాతి నిలువదను వాదము ఎంత దుర్బలమో తెలియగలదు.

భాషావిషయమున దారి తెలియక కాదు. రాజపక్స తాను నియమించిన విచారణసంఘమే 2011లో నివేదిక నిచ్చుచు, ప్రతి కార్యాలయమునందును తమిళము తెలిసిన ఉద్యోగి యుండవలెననియు, పోలీసు ఠాణాలలో రేయింబవళ్లు ఉభయభాషలు తెలిసినవారు దొరకవలెననియు, ఒకే రాగమున జాతీయగీతమును రెండు భాషలలోను పాడు పద్ధతి నిలుపవలెననియు సూచించెను. 2016 స్వాతంత్ర్యదినమున, అనేక దశాబ్దముల తరువాత, ఆ గీతము తమిళమున వినబడెను. ప్రభుత్వము మారగా 2020 వేడుకలో మరల సింహళము మాత్రమే మిగిలెను. పాలకుల చిత్తమునుబట్టి వచ్చి పోవు గౌరవమును హక్కని ఎవరు నమ్మగలరు?

శోకవిషయము ఇంతకంటె కఠినము. యుద్ధపు కడపటి దశలో చనిపోయిన సామాన్యజనులసంఖ్య 40 వేలవఱకు ఉండవచ్చునని ఐక్యరాజ్యసమితి నిపుణులు 2011లో వ్రాసిరి. ముట్టడిలో చిక్కినవారికి ఆ దినములలో దొరకిన ఆహారము కొంచెము బియ్యము, చాల నీరు కలిపి కాచిన గంజి. ఇప్పుడు ఏటేట మే నెలలో తమిళస్త్రీలు వీధియంచున పొయ్యి పెట్టి, ఆ గంజినే కాచి, కొబ్బరిచిప్పలలో పోసి వచ్చిపోవువారి కిత్తురు. 2024లో ట్రింకోమలీ జిల్లాయందలి సంపూరున ఇట్లు గంజి పోసినందులకు స్త్రీలను పోలీసులు నిర్బంధించిరి. కిలినొచ్చిలో, సైన్యమునకు అప్పగించిన తమ బిడ్డ లేమైరని అడుగుచు తల్లులు 2017 ఫిబ్రవరిలో మొదలిడిన దీక్ష, ఏండ్లు గడచినను ప్రత్యుత్తరము పొందలేదు.

తమిళులును తమవంతు సత్యమును ఒప్పుకొనవలెను. 1990 అక్టోబరులో పులులు ఉత్తరప్రాంతపు ముస్లిములను, దాదాపు 75 వేలమందిని, ఇండ్లు వాకిళ్లు విడిపించి తఱిమివేసిరి. బాలురచేత ఆయుధములు పట్టించిరి. కడపట తమ ప్రజలనే కవచముగా వాడుకొనిరి. ఆ బాధితుల కన్నీటికి చోటీయని స్మృతి న్యాయమైన స్మృతి కానేరదు.

సింహళులకు ఈ దుఃఖము తెలియనిది కాదు. 1971లోను, 1987-89లోను జనతా విముక్తి పెరమున అను సింహళ వామపక్షపు తిరుగుబాట్లను అణచునప్పుడు దక్షిణాది గ్రామములలో వేలకొలది యువకులు చంపబడిరి, మాయమైరి. ఆ తల్లుల పక్షమున 1990లో ఛాయాపటములు చేతబట్టి జెనీవాకు బయలుదేఱి, విమానాశ్రయమున పోలీసులచే అడ్డగింపబడినవాడు నాటి ప్రతిపక్షసభ్యుడు మహింద రాజపక్సయే. అధికారము చేజిక్కినపిదప ఉత్తరాది తల్లుల ఛాయాపటములు ఆయనకు ద్రోహచిహ్నములుగా కనబడెను. అయినను 2022 మే 18న కొలంబో గాల్ ఫేస్ మైదానమున, ఆర్థికవినాశమున కెదురుతిరిగిన జనులనడుమ ముల్లివాయ్‌క్కాల్ మృతుల సంస్మరణ జరిగి, సింహళులును గంజి నందుకొనుట, ప్రజలు పాలకులకంటె ముందు నడువగలరని నిరూపించినది.

నేడు అధికారమున నున్నది ఆ పెరమునయే నడిపించు కూటమి. అది ఏటేట నవంబరులో తన తిరుగుబాటున మడిసినవారిని బహిరంగముగా స్మరించుకొనుచున్నది. 2024 ఎన్నికలలో మూడింట రెండువంతుల ఆధిక్యముతోపాటు జాఫ్నా జిల్లాలోను ప్రథమస్థానము దానికి దక్కెను. తన మృతులకు దక్కిన సంస్మరణము ఉత్తరాదివారికి దక్కనీయకుండుటకు దానికి కారణమేమి గలదు? మే నెల సంస్మరణలపై నిర్బంధము మానవలెను. మాయమైనవారిని గూర్చి సైన్యము ఎఱిగినదానిని వెల్లడింపవలెను. ఠాణాలలో తమిళము వినబడవలెను. 2018లో గడువు ముగిసినదాది ఎన్నిక లేక పడియున్న ఉత్తర రాష్ట్రసభకు ఎన్నికలు జరుపవలెను. వీనిలో దేనికిని విదేశీ ఋణ మక్కఱలేదు, పార్లమెంటున బలమునకు కొఱతలేదు. కావలసినది సింహళ ప్రజలకు ఈ సంగతి విప్పిచెప్పగల ధైర్యము, అది నాయకులు చూపవలసినది.