అమెరికా సామాన్లకి ఇక్కడ ట్రాన్స్‌ఫార్మర్ కొంటున్నారా? ముందు లేబుల్ చూడండి

అమెరికా నుంచి తిరిగొచ్చేస్తున్నవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న: "అక్కడి సామాన్లన్నీ తెచ్చేస్తున్నాం, ఏ కన్వర్టర్ కొనమంటారు?" నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. సగం వాటికి అది అక్కర్లేదు. మిగతా సగంలో చాలా వాటిని అక్కడే అమ్మేసి రావడం మేలు.

ఫోన్ ఛార్జర్, ల్యాప్‌టాప్ అడాప్టర్ వెనక చిన్న అక్షరాల్లో ఇన్‌పుట్ 100-240 వోల్ట్స్, 50/60 హెర్ట్జ్ అని ఉంటుంది. అలా ఉంటే పిన్ మార్చే ప్లగ్ ఒక్కటి చాలు. ఒట్టి 120 వోల్ట్స్ అని ఉంటేనే అసలు సమస్య. అక్కడ 1500 వాట్స్ తీసుకునే హెయిర్ డ్రయ్యర్‌ని అదే ప్లగ్‌తో మన 230 వోల్ట్స్‌లో పెడితే, లెక్క ప్రకారం దాదాపు 5500 వాట్స్ లాగుతుంది. ఫ్యూజ్ పోతే అదృష్టవంతులే. "ఖరీదైన బ్రాండ్ కదా, తట్టుకుంటుందిలే" అనుకోవద్దు. ధర చూసి వోల్టేజ్ తగ్గదు.

సరే, స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడదాం అంటారు. అది వోల్టేజ్‌ని తగ్గిస్తుంది కానీ ఫ్రీక్వెన్సీని ముట్టుకోదు. అక్కడ 60 హెర్ట్జ్, మన దగ్గర 50. బ్రష్ మోటార్ ఉండే మిక్సర్, బ్లెండర్ లాంటివాటికి ఇది పెద్ద లెక్క కాదు. కానీ లోపల బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత రకం మైక్రోవేవ్ 50 హెర్ట్జ్‌లో ఎక్కువ వేడెక్కుతుంది. కరెంట్ సైకిల్స్ లెక్కపెట్టి నడిచే గడియారమైతే గంటకి పది నిమిషాలు వెనకపడుతుంది!

ఈ తలనొప్పి మనకే కాదు, పడవలవాళ్ళకీ ఉంది. అమెరికాలో తయారైన పడవ 120 వోల్ట్స్, 60 హెర్ట్జ్ మీద నడుస్తుంది. దాన్ని యూరప్ తీసుకెళ్ళి ఒడ్డున కడితే అక్కడి రేవులో దొరికే కరెంట్ మన దగ్గరలాగే 230 వోల్ట్స్, 50 హెర్ట్జ్. అందుకే చాలామంది ఒడ్డు కరెంట్‌ని నేరుగా సామాన్లకి ఇవ్వరు. 230 వోల్ట్స్ తీసుకునే ఛార్జర్‌తో బ్యాటరీ నింపి, ఆ బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌తో 120 వోల్ట్స్, 60 హెర్ట్జ్ తయారుచేసుకుంటారు. మన ఇంట్లో కరెంట్ పోయినప్పుడు ఇన్వర్టర్ చేసే పనే, వోల్టేజ్, ఫ్రీక్వెన్సీ మాత్రమే తేడా. మధ్యలో బ్యాటరీ ఉంది కాబట్టి ఒడ్డున ఎన్ని హెర్ట్జ్ వచ్చినా గొడవ లేదు. నాకు చాలా నచ్చిన పద్ధతి ఇది. పడవ మొత్తం వైరింగ్ మార్చడం కంటే తెలివైన పని. అలాగని ఇంట్లో ఒక్క మైక్రోవేవ్ కోసం అంత సెటప్ పెట్టుకోమని మాత్రం చెప్పను, కొత్తది కొనుక్కోండి.

ట్రావెల్ కన్వర్టర్ పేరుతో అమ్మే అరచేతంత తేలికైన డబ్బాలు ఇంకో రకం. వాటిలో చాలా వరకు కరెంట్ తరంగాన్ని కత్తిరించి ఇస్తాయి. ఇస్త్రీ పెట్టెలాంటి వేడి సామాన్లకి కాసేపు సరిపోతాయేమో గానీ, ఎలక్ట్రానిక్స్‌కి అస్సలు పెట్టొద్దు.

అయినా ఆ స్టాండ్ మిక్సర్ మీద మనసు చావకపోతే, సామాను వాటేజ్ కంటే కనీసం సగం ఎక్కువ సామర్థ్యమున్న ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి. ఎర్త్ పిన్ లోపల నిజంగా కలిపి ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. 1500 వాట్స్ దాకా వెళ్ళేదైతే 6 ఆంప్స్ సాకెట్‌లో కాదు, గీజర్‌కి వాడే 16 ఆంప్స్ సాకెట్‌లోనే పెట్టాలి.