ఎలివేషన్ కోసం ఎగిరిపోయిన చువ్వలు

2024 ఏప్రిల్‌లో చెన్నై శివారు ఆవడి దగ్గర ఓ అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తు బాల్కనీ నుంచి పసిబిడ్డ జారి, కిందనున్న రేకుల మీద పడింది. ఇరుగుపొరుగు దుప్పటి పట్టుకుని కింద నిలబడ్డారు. ఒకతను మొదటి అంతస్తు కిటికీలోంచి పైకెక్కి బిడ్డను అందుకున్నాడు. ఆ వీడియో దేశమంతా చూసింది. ఆపైన తల్లి మీద సోషల్ మీడియాలో తిట్లు మొదలయ్యాయి. నెల తిరక్కుండానే ఆమె ప్రాణం తీసుకుంది.

ఇలాంటి వార్త చదవగానే “తల్లి ఏం చేస్తోందట?” అని అడగడం మనకు అలవాటు. పిట్టగోడ ఎంత ఎత్తుందో, కిటికీకి చువ్వలున్నాయో లేదో ఎవరికీ పట్టదు.

న్యూయార్క్ నగర ఆరోగ్య శాఖకు మాత్రం 1970లలోనే పట్టింది. ‘పిల్లలకు ఎగరడం రాదు’ అన్న పేరుతో అక్కడో కార్యక్రమం నడిపారు. పిల్లలెవరైనా కిటికీలోంచి పడితే ఆస్పత్రులు, పోలీసులు ఆ శాఖకు తెలపాలి. నర్సులు ఆ ఇళ్లకు వెళ్లి మాట్లాడేవారు. ప్రమాదాలు ఎక్కువగా జరిగే పేటల్లో కిటికీ గ్రిల్స్ ఉచితంగా పంచారు. ఆ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో రెండేళ్లలో ఈ ప్రమాదాలు సగానికి తగ్గాయి. 1976లో చట్టమే వచ్చింది: మూడు లేదా అంతకు మించి వాటాలున్న భవనంలో పదేళ్లు లేదా అంతకు తక్కువ వయసు పిల్లలుంటే యజమాని గ్రిల్ బిగించాల్సిందే. మీ ఇంట్లో చిన్నపిల్లలున్నారా అని ఏటా కాగితం పంపి అడగడమూ యజమాని బాధ్యతే.

మన సంగతి తిరగబడింది. పాత డాబాల్లో కిటికీ అంటేనే చువ్వలు. దొంగల భయంతో పెట్టినా, పిల్లలకూ అవే కాపలా. ఇప్పుడు హైదరాబాద్ పడమటి వైపు లేస్తున్న టవర్లలో నిలువెత్తు అద్దాలు, పక్కకు జరిగే తలుపులు. గ్రిల్ పెట్టుకుంటామంటే ఎలివేషన్ పాడవుతుందని అడ్డుచెప్పే అసోసియేషన్లూ ఉన్నాయి! పావురాల వల, దోమల మెష్ ఉన్నాయిగా అంటారు కొందరు. దోమను ఆపే జాలీ పిల్లవాడు ఆనుకుంటే ఊడి వస్తుంది. పసివాళ్లకు ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ; తొంగిచూస్తూ తల అంచు దాటితే ఒళ్లు దాని వెంటే పోతుంది. కిటికీ కింద సోఫా వేస్తే ఎక్కడానికి మెట్టు మనమే ఇచ్చినట్టు. అడ్డచువ్వలూ అంతే, నిచ్చెనలా పనికొస్తాయి. నిలువుచువ్వలే మేలు, సందు నాలుగు అంగుళాలు మించకుండా.

అగ్నిప్రమాదం వస్తే గ్రిల్ వల్ల బయటపడలేమన్న భయం న్యాయమైనదే. అందుకే లోపలి నుంచి పెద్దలు తీయగలిగే గడియతో గ్రిల్స్ చేస్తారు. కిటికీ నాలుగు అంగుళాలకు మించి జరగకుండా ఆపే స్టాపర్ కూడా దొరుకుతుంది, ఖర్చూ తక్కువే.

కోట్లు పోసి ఫ్లాట్ కొన్నవాళ్లు వాటిని బిగించుకోగలరు. అద్దెకుండేవాళ్లు మాత్రం గోడకు మేకు కొట్టాలన్నా ఓనర్‌ను అడగాలి. అందుకే ఈ భారం బిల్డర్ మీద, ఓనర్ మీద పెట్టాలి. కిటికీకి రక్షణ లేని ఫ్లాట్లకు మున్సిపాలిటీ ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వకూడదు. గ్రిల్ వద్దనే హక్కు అసోసియేషన్లకు ఉండకూడదు.