పరీక్ష అట్ట మీద పట్టేది చాలు

గత ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతి సభ ముగిసి, పులిహోర పొట్లాలు పంచుకుంటున్నప్పుడు మన పూర్వ విద్యార్థి అన్నలు ఒక మంచి కబురు చెప్పారు. తలా కొంత వేసుకుని హాస్టల్‌కు లాప్‌టాప్‌లు కొనిపెడతామన్నారు. చప్పట్లు కొట్టాం. ఆ రాత్రి మెస్‌లో కంచాల ముందు కూర్చున్నప్పుడు కూడా అదే మాట.

ఎలాంటివి కొనాలి అన్న దగ్గరే చిక్కు వచ్చింది. అన్నలందరూ పెద్దవి, అంటే 15.6 అంగుళాల స్క్రీన్ ఉన్నవి కొందామన్నారు. "కొనేదేదో పెద్దది కొందాంరా తమ్ముడూ, కళ్ళకు హాయిగా ఉంటుంది" అని ఒక అన్న. "ఇంత డబ్బు పెట్టాక వస్తువు కంటికి ఆనాలి కదా" అని ఇంకో అన్న. మేము తలలూపాం. పెట్టేవాళ్ళు ప్రేమగా చెబుతుంటే తీసుకునేవాళ్ళం అడ్డు చెబితే ఏం బాగుంటుంది? కానీ ఆ రోజు నోటి దాకా వచ్చి ఆగిపోయిన మాట ఈ సంచికలోనైనా చెప్పకపోతే తప్పవుతుంది. డబ్బు మీదే అయినా, వాటితో రోజూ బతకబోయేది మా తమ్ముళ్ళు.

మేము అంటే మేడ మీద చివరి గదిలో ఉంటున్న ఏడుగురం. డిగ్రీ, బీటెక్ చివరి సంవత్సరం వాళ్ళం. మా ఏడుగురికీ కలిపి ఉన్నవి మూడు లాప్‌టాప్‌లు. ఒకటి 15.6 అంగుళాలది, రెండు 14 అంగుళాలవి, ఆ రెండింట్లో ఒకటి సెకండ్ హ్యాండ్. రెండేళ్ళుగా వంతుల వారీగా మూడింటినీ అందరం వాడాం. ఆ అనుభవంతో చెబుతున్నాం: అన్నలూ, 14 అంగుళాలవి కొనండి.

మీరు పెద్దది మంచిదని ఎందుకు అంటున్నారో మాకు తెలుసు. మీలో చాలామందికి ఇప్పుడు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, డల్లాస్‌లోనో ఆఫీసులో ఒక టేబుల్ ఉంది. ఇంట్లో ఇంకో టేబుల్ ఉంది. లాప్‌టాప్ ఆ టేబుల్ నుంచి ఈ టేబుల్‌కు కారులో వెళ్తుంది. అలాంటి చోట పెద్దదే సుఖం, మేమూ కాదనం. కానీ మీరు ఇక్కడ ఉన్న రోజులు ఒకసారి గుర్తు చేసుకోండి. గదిలో టేబుల్ ఎక్కడుంది? అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ట్రంకు పెట్టె మీద చదివాం, మంచం మీద చదివాం, దోమతెరలో మోకాళ్ళు ముడుచుకుని చదివాం. లాప్‌టాప్ వచ్చినా కూర్చునే చోటు మారలేదు.

దుప్పటి మీద పెడితే కింద ఉండే గాలి రంధ్రాలు మూసుకుపోయి లాప్‌టాప్ కాగిపోతుంది. ఫ్యాన్ మిక్సీలా అరుస్తుంది. అందుకని మేము పరీక్ష అట్ట ఒళ్ళో పెట్టుకుని దాని మీద లాప్‌టాప్ పెడతాం. మా అట్టను స్కేలుతో కొలిచాం. పొడవు 33 సెంటీమీటర్లు, వెడల్పు 24. మా 14 అంగుళాల లాప్‌టాప్ 32 పొడవు, 22 వెడల్పు. అట్ట మీద చక్కగా కూర్చుంటుంది. 15.6 అంగుళాలది 36 పొడవు. రెండు పక్కలా ఒకటిన్నర సెంటీమీటర్లు బయటికి వచ్చి, కింది రబ్బరు కాళ్ళు గాలిలో ఉంటాయి. కొంచెం ఒరిగితే జారుతుంది. ఒకసారి జారింది కూడా. పడింది మంచం మీదే కాబట్టి సరిపోయింది. షాపులో ఎవరూ చెప్పరు గానీ, మాకు లాప్‌టాప్ సైజుకు కొలబద్ద పరీక్ష అట్టే.

ఇక ప్లగ్గుల సంగతి. ఏడుగురికి రెండు ప్లగ్గులు. వాటిలో ఒకటి సెల్‌ఫోన్ల జంక్షన్ బాక్స్‌కే పోతుంది. మా రెండు 14 అంగుళాల వాటికీ టైప్-సి చార్జింగ్ ఉంది. 65 వాట్ల చార్జర్ ఒక్కటే ఉన్నా రెండూ గడిచిపోతాయి, అవసరమైతే దానితోనే ఫోన్ కూడా పెట్టుకుంటాం. పెద్దదాని చార్జర్ ఇటుకరాయంత ఉంటుంది, దాని పిన్ను ఇంక దేనికీ పనికిరాదు. అది ప్లగ్గులో ఉందంటే పక్కవాడు ఊరుకోవాల్సిందే. రాత్రి కరెంటు పోయినప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది. రికార్డు టైపు చేసుకుంటూ, పీడీఎఫ్‌లు చదువుకుంటూ ఉంటే మా 14 అంగుళాల కొత్తది ఐదారు గంటలు వస్తుంది. పెద్దది రెండు గంటలు దాటదు.

ఆ పెద్దదాని కథ చెప్పకుండా ముందుకు పోలేం. మాలో ఒకడిది అది. పేరు రాయొద్దన్నాడు. వాళ్ళమ్మ డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుని 60 వేలు చేతిలో పెట్టింది. వాడూ వాళ్ళ మామయ్యా కలిసి షాపుకు పోయారు. షాపులో వాడిని ఏం చదువుతున్నావని గానీ, ఎక్కడుంటావని గానీ ఎవరూ అడగలేదు. "గేమింగ్‌ది తీసుకోండి, ఐదేళ్ళు తిరిగి చూడక్కర్లేదు" అన్నారు. కీబోర్డు కింద రంగు రంగుల లైట్లు. మామయ్యకు బాగా నచ్చింది. ఇంటికి తెస్తే వీధి వీధంతా వచ్చి చూశారట.

దాని బరువు 2 కిలోల 400 గ్రాములు. చార్జర్‌తో కలిపి మూడు కిలోలు. పుస్తకాలు, టిఫిన్ డబ్బాతో పాటు దాన్ని బ్యాగులో పెడితే జిప్పు పడదు. రెండు బస్సులు మారి కాలేజీకి పోవాలి, రెండో బస్సులో ఎప్పుడూ ఫుట్‌బోర్డే. నెల రోజులు మోశాడు. ఆ తర్వాత ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాడు. కాలేజీలో ల్యాబ్ ఖాళీ లేనప్పుడు వాడు మా దగ్గర చిన్నది అడిగి పట్టుకుపోయేవాడు. అరవై వేల వస్తువు గదిలో ఉండగా!

పోయిన నవంబర్‌లో ఒక కంపెనీ ఉద్యోగాలకు పరీక్ష పెట్టింది. ఎవరి లాప్‌టాప్ వాళ్ళే తెచ్చుకోవాలన్నారు. పెద్ద సెమినార్ హాలు, ప్లగ్గులు గోడల పక్కనే. మావాడు వెళ్ళేసరికి గోడ పక్క సీట్లన్నీ నిండిపోయాయి, నడుమ కూర్చున్నాడు. రెండున్నర గంటల పరీక్ష. గంటా నలభై నిమిషాలకు స్క్రీన్ నల్లబడింది. పరిగెత్తి గోడ దగ్గర ప్లగ్గు దొరికించుకుని మళ్ళీ ఆన్ చేసేసరికి, పరీక్ష పూర్తయినట్టు చూపించింది. ఎవరికి చెప్పుకోవాలి? అదే హాల్లో మా గదివాడే ఇంకొకడు 14 అంగుళాలది పెట్టుకుని రాశాడు, బయటికి వచ్చేసరికి ఇంకా 40 శాతం చార్జింగ్ ఉంది. (వాడికీ ఉద్యోగం రాలేదు, అది వేరే సంగతి.) లాప్‌టాప్ వల్లే పోయిందని మావాడు అనడు. మేము అంటాం. వాళ్ళమ్మ ఇప్పటికీ నెలనెలా కిస్తీ కడుతోంది.

పెద్ద స్క్రీన్‌లో ఎక్కువ కనిపిస్తుంది కదా అని మీరు అడగొచ్చు. మేమూ మొదట అలాగే అనుకున్నాం. రెండు లాప్‌టాప్‌లూ పక్కపక్కన పెట్టి ఒకే పీడీఎఫ్ తెరిచి చూశాం. అదే పేజీ, అవే పంక్తులు, ఒక్క పంక్తి కూడా ఎక్కువ లేదు. ఎందుకంటే రెండింటిలోనూ అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. ఎంత విషయం పట్టాలన్నది ఆ చుక్కల లెక్క మీద ఉంటుంది గానీ అంగుళాల మీద కాదు. 15.6లో అక్షరాలు కొంచెం పెద్దగా కనిపిస్తాయి, 14లో పదో వంతు చిన్నగా కనిపిస్తాయి, అంతే తేడా. ఇప్పుడు వచ్చే చాలా 14 అంగుళాల వాటిలో నిలువుగా 1200 చుక్కలు ఉంటున్నాయి. పాఠం చదివేవాడికి, ప్రోగ్రాం రాసేవాడికి కావాల్సింది ఆ నిలువే. అలాంటి 14 అంగుళాలది, 1080 చుక్కలున్న 15.6 అంగుళాల దాని కన్నా ఎక్కువ పంక్తులు చూపిస్తుంది. షాపులో అంగుళాలు అడిగిన తర్వాత ఈ అంకె కూడా అడగండి.

అయితే మా గదిలో కూడా అందరిదీ ఒకే మాట కాదు. బీకాం చదివే మిత్రుడు మొదటి రోజు నుంచీ పెద్దదాని పక్షమే. ట్యాలీలో అంకెలు కొట్టాలంటే కుడిపక్కన నంబర్ల కీలు ఉండాలి, అవి 14 అంగుళాల వాటిలో ఉండవు. వాడు చెప్పింది నిజం. కానీ ఆ నంబర్ల కీల వల్ల అక్షరాల కీలన్నీ ఎడమకు జరిగిపోతాయి. గంటల తరబడి టైపు చేసేవాళ్ళు స్క్రీన్ మధ్యలో కాకుండా ఒక పక్కకు ఒరిగి కూర్చోవాలి. విడిగా యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ కొన్ని వందల్లో దొరుకుతుంది, రెండు కొని వార్డెన్ గారి బీరువాలో ఉంచితే బీకాం వాళ్ళందరికీ సరిపోతుంది. సివిల్ చదివే మిత్రుడు డ్రాయింగులకు పెద్ద స్క్రీన్ కావాలన్నాడు. కళ్ళజోడు సోడాబుడ్డి మిత్రుడు కూడా వాడితో కలిశాడు. వీళ్ళకు 15.6 కూడా చాలదనేది మా మాట. స్టడీ హాల్లో గోడ పక్కన సిమెంటు బల్ల ఉంది కదా, దాని మీద 22 అంగుళాల మానిటర్ ఒకటి, హెచ్‌డీఎంఐ కేబుల్ ఒకటి పెట్టించండి. ఎవరికి అవసరమైతే వాళ్ళు తమ చిన్నది తెచ్చి తగిలించుకుంటారు. పెద్దది హాల్లో ఉండాలి, చిన్నది బ్యాగులో ఉండాలి.

చిన్నది మంచిదన్నాం కదా అని మరీ చిన్నదానికీ పోవద్దు. ఆసుస్ కంపెనీ 2007లో ఈ పీసీ అని 7 అంగుళాల స్క్రీన్‌తో తెచ్చాక కొన్నేళ్ళు నెట్‌బుక్‌లని బాగా నడిచాయి. అప్పట్లో మన హాస్టల్‌లో ఉన్న ఒక అన్న పది అంగుళాల నెట్‌బుక్ కొన్నాడట. దాంట్లో నిలువుగా 600 చుక్కలే. ఏదైనా సాఫ్ట్‌వేర్ వేయబోతే 'ఓకే' బటన్ స్క్రీన్ కిందకు వెళ్ళిపోయి కనిపించేది కాదని, కనిపించని బటన్‌ను ట్యాబ్ కీతో వెతుక్కుని అంచనా మీద ఎంటర్ కొట్టేవాళ్ళమని ఆయన చెబుతుంటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. 2022 డిసెంబర్‌లో మన రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి వాళ్ళకు ట్యాబ్‌లు ఇచ్చారు. ఆ తరగతి తమ్ముళ్ళు కొందరు ఇప్పుడు ఇక్కడ ఇంటర్ చదువుతున్నారు. పాఠం చూడటానికి బాగుంది, రాయడానికి మాత్రం కాదన్నా అంటున్నారు. కీబోర్డు మీద పది వేళ్ళూ పట్టాలి. మా చేతులకు 13, 14 దగ్గర అది కుదిరింది, 11 దగ్గర కుదరలేదు.

ధర గురించి ఒక మాట ఒప్పుకోవాలి. తక్కువ ధరల్లో 15.6 అంగుళాల రకాలే ఎక్కువ దొరుకుతాయి. అదే ప్రాసెసర్‌తో 14 కావాలంటే కొంచెం వెతకాలి, ఒక్కోసారి కొంచెం ఎక్కువ పెట్టాలి. మరీ పలచటి వాటిలో ర్యామ్ బోర్డుకే అతికించేసి ఉంటుంది, తర్వాత పెంచుకోలేం. అందుకని 16 జీబీ ఉన్నదే మొదట తీసుకోవడం మేలు. అంత డబ్బు లేకపోతే కంపెనీలు వాడి వదిలేసినవి చూడండి. థింక్‌ప్యాడ్ టీ480, లాటిట్యూడ్ 7400, ఎలైట్‌బుక్ 840 లాంటివి ఆఫీసుల కోసం చేసినవి, మూడూ 14 అంగుళాలవే, గట్టివి. మా సెకండ్ హ్యాండ్‌ది టీ480. బ్యాటరీ మార్పించుకున్నాం, కీబోర్డులో ఒక కీ మీద అక్షరం చెరిగిపోయింది, అంతకు మించి ఇబ్బంది లేదు. ఒక్క జాగ్రత్త. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్ 8వ తరం కన్నా పాత ప్రాసెసర్లకు విండోస్ 11 అధికారికంగా రాదు. మీ ఇళ్ళలో అటక మీద ఉన్నవి మాకు పంపాలనుకునే అన్నలు ముందు అది చూసి పంపండి. పోయినసారి వచ్చిన రెండూ ఇప్పుడు పాటలు వినడానికే ఉన్నాయి, ఏమీ అనుకోవద్దు.

ఇప్పటికి పోగైన డబ్బుతో ఎనిమిది పెద్దవి వస్తాయని మొన్న ఫోన్‌లో చెప్పారు. అదే డబ్బులో ఏడు 14 అంగుళాలవి, ఒక మానిటర్, రెండు నంబర్ ప్యాడ్‌లు కొనమని మా విన్నపం. ఒకటి తగ్గినా పరవాలేదు, ఏడూ రోజూ గది బయటికి పోతాయి. వచ్చే నెల సికింద్రాబాద్ సీటీసీకి వెళ్తున్నామని అన్నారు కదా, చేతిలో ఒక పరీక్ష అట్ట పట్టుకుపోండి. షాపులో అట్ట మీద పెట్టి, ఒళ్ళో పెట్టుకుని, ఒక పది నిమిషాలు టైపు చేసి చూడండి. ఇంట్లో అట్ట లేకపోతే చెప్పండి, మాది బస్సులో వేసి పంపిస్తాం. పరీక్షల లోపల తిరిగి పంపితే చాలు.