పేట సందుల్లో ఫౌజు తుపాకులా?

సత్యనారాయణపేటలో ఏ టీ అంగడి ముందర నిలబడినా ధరలు, వానలు, క్రికెట్టు అయ్యాక ఇప్పుడు తుపాకుల ముచ్చటే. 2026 జనవరి 1న బళ్ళారిలో బ్యానర్ల దగ్గర మొదలైన గొడవ కాల్పుల దాకా పోయి ఒక యువ కార్యకర్త ప్రాణం తీసింది. ఆ తూటా ఒక ప్రైవేటు గన్‌మన్ తుపాకీదని పోలీసులే చెప్పారు. తప్పొప్పులు కోర్టు చూసుకుంటుంది. కానీ మన కుర్రాళ్ళు దాని నుంచి నేర్చుకున్న పాఠమే విడ్డూరం. ఏకే మేలా, అమెరికావాళ్ళ ఏఆర్-15 మేలా? ఏది మధ్యలో మొరాయించదు? ఏది ఎంత దూరం కొడుతుంది? అట్లాంటివి మనకూ లైసెన్సు మీద ఇస్తే పోయేదేముంది? ఇదీ వాదన.

చట్టం సంగతి ముందు చెప్పుకుందాం. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే ఆగకుండా పేలేది నిషిద్ధాయుధం. .303, 7.62 వంటి సైన్యం తూటాలు పట్టే రైఫిళ్ళు నిషిద్ధ బోరు. వాటికి డీసీ ఆఫీసు సంతకం చాలదు, ఢిల్లీ ఒప్పుకోవాలి. అందుకే మామూలు లైసెన్సుదారుకు దొరికేవి .315 రైఫిల్, 12 బోరు, .32 రివాల్వర్ లాంటివే. అసలు .315 మన దేశంలో నిలదొక్కుకున్నదే అందుకు. సైన్యం తూటా జనం తుపాకీలో పట్టకూడదని తెల్లదొరలు అనుకున్నారు. వాళ్ళ భయం వేరే, అది మనమీద భయం. అయినా ఆ గీత ఇప్పటికీ అవసరమే.

ఎందుకంటే, బలమే చూద్దాం. ఏఆర్-15 అనేది సైన్యం ఎం-16కు తోబుట్టువు. నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటానే, కానీ అది సెకనుకు సుమారు 900 మీటర్ల వేగంతో పోతుంది. గురి తప్పితే రెండు కిలోమీటర్ల అవతల కూడా మనిషిని కొట్టొచ్చు. మన పేటలో గోడకు గోడ ఆనించి ఇళ్ళు. ఇక్కడ తప్పిన తూటా కౌల్‌బజారులో ఎవరి మిద్దె మీద పడుతుందో ఎవరు చెప్పాలి?

ఇక నమ్మకం. 1999 కార్గిల్‌లో మన సైన్యం ఇన్సాస్ రైఫిళ్ళే చలికి మొరాయించాయి, మ్యాగజైన్లు పగిలాయి. బాగుచేసేవాళ్ళు, రోజూ తుడిచే అలవాటు, ఫైరింగ్ రేంజి ఉన్న ఫౌజుకే ఆ అవస్థ. బీరువాలో చీరల మడతల్లో ఏడాదంతా పడుకునే తుపాకీ అర్ధరాత్రి లేచి కాపాడుతుందా?

అనంతపురం మనకు ఎంత దూరం? 2005 జనవరి 24న పరిటాల రవిని పార్టీ ఆఫీసు ఆవరణలోనే కాల్చేశారు. గన్‌మెన్‌లకు కొదవ లేని మనిషి ఆయన. 2011 జనవరిలో హైదరాబాదులో మద్దెలచెర్వు సూరి కారులోనే హతమయ్యాడు. కాల్చింది నమ్ముకున్న అనుచరుడేనని 2018లో కోర్టు తేల్చింది. తుపాకీ మొరాయించలేదు, మనిషే తిరిగాడు.

అమెరికాలో అట్లా కొనుక్కోవచ్చు కదా అంటారు. నిజమే. టెక్సస్‌లోని అలెన్‌లో 2023 మే 6న ఒకడు ఏఆర్-15 రకం రైఫిల్‌తో షాపింగ్ మాల్‌కు వచ్చి ఎనిమిది మందిని చంపాడు. అందులో హైదరాబాదు నుంచి వెళ్ళిన తెలుగు ఇంజినీరు అమ్మాయి ఒకరు. ఆమె చేసిందల్లా వారాంతంలో అంగడికి పోవడమే.

రైతుల మాట వేరు. అడవిపందులు రాత్రికి రాత్రి చేను దున్నేస్తుంటే పంటకాపు తుపాకీ అడిగేవాణ్ణి, జీపులో గన్‌మన్‌ను కూర్చోబెట్టుకొని దర్పం చూపేవాణ్ణి ఒకే గాటన కట్టకూడదు. ఎన్నికలొస్తే ఇద్దరూ ఠాణాలో అప్పగించాలంటారు. నష్టపోయేది చేనున్నవాడే. పంటకాపు లైసెన్సులకు అధికారులు వేరే దారి చూడాలి. కానీ పందిని బెదిరించడానికి ఎవరికీ ఫౌజు రైఫిల్ అక్కర్లేదు.

2019 సవరణతో ఒకరికి రెండు తుపాకులే అన్నారు, పెళ్ళిళ్ళలో గాల్లోకి కాలిస్తే రెండేళ్ళ దాకా జైలన్నారు. మంచిదే. కానీ గన్‌మన్ భుజాన ఉన్నది ఎవరి పేరు మీది లైసెన్సో, మోయడానికి అతని పేరు అందులో ఉందో లేదో, అది ఏ రాష్ట్రం దాకా చెల్లుతుందో చూసేవాళ్ళేరీ? ఇది ఒక్క బళ్ళారి గొడవ కాదు. పొద్దున ఇక్కడ తిరిగిన జీపు మధ్యాహ్నానికి రాయదుర్గంలోనో గుంతకల్లులోనో ఉంటుంది. కర్ణాటక వరకే రాసిన లైసెన్సు సరిహద్దు దాటితే చెల్లదు. డీసీ, ఎస్పీ ముందు జిల్లాలో ప్రైవేటు గన్‌మెన్‌ల లెక్క తీసి, ఆ జాబితాను అనంతపురం, కర్నూలు పోలీసులకు పంపాలి. చెక్‌పోస్టులో వడ్ల లారీని ఆపి కాగితాలు అడుగుతున్నారు కదా, ఆ జీపునూ ఆపి అడగండి.