మోసే గుర్రానికీ దాహమే



మన డెల్టాలో ఎడారి లేదు. అయినా వేసవిలో సముద్రపుటొడ్డు ఇసుక ఎడారికి తీసిపోదు. ఆమధ్య గుడివాడ నుండి సండే స్కూలు పిల్లలతో, బందరుకు 11 కిలోమీటర్ల దూరంలోని మంగినపూడి బీచికి వెళ్లాము. అక్కడ ఒకాయన కళ్లెం పట్టుకొని పిల్లలను గుర్రంపై తిప్పుతున్నాడు. మేమూ ఒకరి తర్వాత ఒకరిని ఎక్కించాము.

ఏడవ బిడ్డ ఎక్కకుండా నిలబడి, "అయ్యగారూ, దీనికి నీళ్లెవరు పెడతారు?" అని అడిగింది.

అప్పుడు చూశాము. జీను అంచున పుండు, డొక్కలు ఎగసిపడుతున్నాయి. ఎదుట సముద్రమున్నా ఆ ఉప్పునీరు గుర్రం త్రాగరాదు. సిగ్గుపడ్డాము. కళ్లెం పట్టినాయనను ఏమనగలం? ఆయనా చెప్పులు లేకుండానే నడుస్తున్నాడు. మిగిలిన పిల్లల డబ్బులు కూడా ఇచ్చి, బకెట్టుతో మంచినీళ్లు తెప్పించి, ఇద్దరినీ నీడకు పంపాము.

మీరు వెళితే ఎండ తగ్గాకే ఎక్కండి. ముందు జీను క్రింద చూడండి. పొడి ఇసుకలో గిట్టలు దిగబడి గుర్రం త్వరగా అలసిపోతుంది. తడిసి గట్టిపడిన ఇసుకపై నడిపించమనండి. సరిగ్గా వెనుకనున్నది దానికి కనబడదు, పిల్లలను అటు పోనివ్వకండి.

సామెతలు 12:10 ఒకసారి తెరచి చూడండి. మన ఇంటి బరువు మోస్తున్నవారికి నీళ్లెవరు పెడుతున్నారో కూడా ఆలోచిద్దాము.