బోటు ఇంజను రిపేరు ఎవరి నెత్తిన?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులపాటు, తూర్పు తీరంలో ఇంజను పెట్టిన బోటు ఏదీ వేటకు పోరాదు. చేపలు గుడ్లు పెట్టే కాలం గనుక ఈ నిషేధం. 2015లో దీన్ని 61 రోజులకు పెంచారు. చేప పెరగకపోతే ముందుగా నష్టపోయేది మత్స్యకారుడే. కనుక నిషేధం వద్దని ఎవరూ అనడం లేదు. అయితే ఆ రెండు నెలలూ ఒడ్డున ఏం జరుగుతున్నదో చూడాలి.

రైతు ఎండాకాలంలో నాగలి, బండి బాగుచేసుకున్నట్టే, మత్స్యకారుడు ఈ రెండు నెలల్లోనే వలలు బాగుచేసుకోవాలి, బోటుకు మాట్లు వేసుకోవాలి, ఇంజను విప్పి సరిచేయించుకోవాలి. అంటే రాబడి సున్నా అయిన నెలల్లోనే ఖర్చు నెత్తిన పడుతుంది. అప్పు ఇంట్లోకి అడుగుపెట్టేది సరిగ్గా ఇక్కడే. జూన్ 15న బోటు నీళ్లలోకి దిగేసరికి, ఇంకా వలలో పడని చేప సావుకారు పేరు మీద రాసి ఉంటుంది.

“వీళ్లకు ఇంజను మీద శ్రద్ధ లేదు, అందుకే పాడవుతున్నది” అని కొందరు అధికారులు తేలిగ్గా అనేస్తారు. ఇంజను కాపాడుకోవాలంటే శ్రద్ధ ఒక్కటే చాలదు. తీరిక కావాలి, మంచినీళ్లు కావాలి, నూనె కావాలి, సామాను కావాలి. ఇవి ఎవరి చేతిలో ఉన్నాయన్నదే అసలు ప్రశ్న.

తెడ్డు పోయి ఇంజను వచ్చింది

ఒకప్పుడు మన తీరంలో తెప్పలు, నావలు తెడ్డుతోనూ తెరచాపతోనూ నడిచేవి. తెడ్డు విరిగితే కొయ్య చెక్కుకునేవాళ్లు, చాప చిరిగితే కుట్టుకునేవాళ్లు. బాగుచేసే పనితనం ఊళ్లోనే ఉండేది. ఆ తర్వాత ఫైబరు బోట్లు వచ్చాయి, వాటికి చిన్న ఇంజన్లు వచ్చాయి. 2004 సునామీ తర్వాత ఇవి ఇంకా పెరిగాయి. పెద్ద మరబోట్లు ఒడ్డు దగ్గర చేపను ఊడ్చేస్తుంటే, చిన్నవాడు ఇంకా లోపలికి పోక తప్పలేదు. లోపలికి పోవాలంటే ఇంజను లేకుండా కుదరదు.

ఇంజను వచ్చి రెక్కల కష్టం తగ్గించింది, దూరం పెంచింది, తుపాను కబురు వస్తే త్వరగా ఒడ్డు చేరే వీలు కల్పించింది. ఇది మంచిదే. కాని దాంతోపాటు డీజిలు, నూనె, సామాను, మెకానిక్కు అన్నీ ఊరి బయటినుంచే రావలసి వచ్చింది. పొలంలో ఆయిలింజను పెట్టుకున్న చిన్న రైతుకు ఈ కథ కొత్త కాదు. ఒక తేడా మాత్రం ఉంది. చేలో ఇంజను ఆగితే మడి ఎండుతుంది. సముద్రంలో ఆగితే మనుషుల ప్రాణాలు నీటి వాలున కొట్టుకుపోతాయి.

ఉప్పుతో నిత్య పోరాటం

మన చిన్న బోట్ల మీద ముఖ్యంగా రెండు రకాల ఇంజన్లు కనిపిస్తాయి. ఒకటి, గాలితో చల్లబడే చిన్న డీజిల్ ఇంజను. దానికి పొడుగాటి షాఫ్టు, షాఫ్టు కొసన పంకా. రెండోది, బోటు వెనుక తగిలించే అవుట్‌బోర్డు మోటారు. అది సముద్రపు నీటినే లోపలికి పీల్చి చల్లబడుతుంది. రెండింటికీ శత్రువు ఒక్కటే, ఉప్పు.

అవుట్‌బోర్డు మోటారులో నీళ్లు తిరిగే దారులు సన్నగా ఉంటాయి. వేట నుంచి వచ్చి అలాగే వదిలేస్తే లోపలి నీరు ఆరి ఉప్పు పేరుకుంటుంది. కొన్నాళ్లకు దారి మూసుకుపోయి ఇంజను కాగిపోతుంది. అందుకే ఒడ్డుకు రాగానే డ్రమ్ములో మంచినీళ్లు పోసి, మోటారు కింది భాగం అందులో ముంచి, కొద్ది నిమిషాలు నడపాలి. నడిచేటప్పుడు పక్కనుంచి సన్నని నీటిధార చిమ్ముతూ ఉండాలి. ధార ఆగిందంటే చల్లబరిచే నీళ్లు అందడం లేదని అర్థం. వెంటనే ఇంజను ఆపాలి. చాలాసార్లు తప్పు పంపులో ఉండే చిన్న రబ్బరు చక్రానిదే. దాన్ని వేళకు మార్చకపోతే మొత్తం ఇంజనే పోతుంది.

డీజిల్ ఇంజనుకు గాలి తగిలే రెక్కల మధ్య నూనె, దుమ్ము, ఉప్పు కలిసి గట్టిపడతాయి. వాటిని గోకి శుభ్రం చేయాలి. డబ్బాలో డీజిలు అడుగున నీళ్లు తేరుతాయి. వాటిని వంపేయకుండా పోస్తే నడిసముద్రంలో ఇంజను దగ్గి ఆగుతుంది. డీజిలు వడపోసే ఫిల్టరును మరిచిపోరాదు. ఇంజను నూనె తెల్లగా, పాలు కలిపినట్టు కనబడితే లోపలికి నీరు చేరిందన్నమాట. అలాంటి ఇంజనుతో వేటకు పోవడమంటే ప్రాణం పణం పెట్టడమే.

పంకా దగ్గర తెగిన వలతాళ్లు చుట్టుకుంటాయి. సన్నని నైలాను దారం షాఫ్టు మొదట్లోని సీలును కోసేస్తుంది. వచ్చిన ప్రతిసారీ చేయిపెట్టి చూసుకోవాలి. అవుట్‌బోర్డుకు కింద బిగించిన జింకు ముక్క ఉంటుంది. ఇనుమును, అల్యూమినియాన్ని తినవలసిన ఉప్పునీరు ముందు ఆ జింకును తింటుంది. సగం అరిగితే మార్చాలి. దాని మీద రంగు పూస్తే అది పని చేయదు. ఫైబరు పగిలిన చోట వెంటనే మాటు వేయాలి. నీరు లోపలి పొరల్లోకి దిగితే బోటు బరువెక్కి, డీజిలు ఎక్కువ తాగి, చివరకు పగులు పెద్దదవుతుంది.

ఈ పనుల్లో చాలావాటికి కలాసీ చేయి చాలు. కాని రాత్రంతా వేట చేసి, ఒడ్డున బోటు లాగి, వల దులిపి, చేప పాటకు చేర్చినవాడికి ఒంట్లో ఓపిక ఎంత మిగులుతుంది? డ్రమ్ముడు మంచినీళ్లు ఎక్కడివి? తాగేనీటికే బిందెలు వరుస కట్టే పల్లెల్లో మోటారు కడగడానికి నీళ్లు తెమ్మంటే ఆ ఇంటి ఆడవాళ్లు ఏమంటారు? మత్స్యకార పల్లెకు కుళాయి వేయడం కూడా ఇంజను సంరక్షణే. ఈ సంగతి ఏ ఆఫీసు ఫైలులోనూ కనిపించదు.

పుస్తకంలో వంద గంటలు

కంపెనీ ఇచ్చే పుస్తకం చూడండి. చాలా అవుట్‌బోర్డు మోటార్లకు “ప్రతి 100 గంటలకు, లేదా ఆరు నెలలకు నూనె మార్చండి” అన్న తరహాలో రాసి ఉంటుంది. ఆరు నెలలన్న మాట ఎవరి కోసం? సెలవు రోజున సరదాగా పడవ తిప్పే ధనవంతుని కోసం. ఆయనకు వంద గంటలు నిండడానికి ఏడాది పట్టవచ్చు. మనవాడి లెక్క వేరు. రోజుకు ఏడు గంటలు నడిస్తే 15 రోజులకే 105 గంటలు. అంటే నెలకు రెండుసార్లు నూనె మార్చాలి. వాళ్లకు ఆరు నెలలకొచ్చే ఖర్చు మనకు పక్షానికొకసారి వస్తుంది.

ఇక పేదవాడు ఏం జేస్తాడు? నూనె నల్లబడినా ఇంకో వారం లాగుతాడు. అసలు సామాను కొనలేక నకిలీ సామాను కొంటాడు. ఈ వారం నూనె దగ్గర మిగిలిన రూపాయలు రెండు నెలల తర్వాత ఇంజను విప్పించినప్పుడు ఎన్నో రెట్లయి పోతాయి. ఇది అజ్ఞానం కాదు, చేతిలో డబ్బు ఆడకపోవడం. ఎరువు వేయాల్సిన నాడు డబ్బు లేక, పంట పోయాక విచారించే కౌలురైతు పరిస్థితి కూడా ఇదేగదా?

రిపేరు ఎవరి ఖాతాలో?

చిన్న బోటు మీద ముగ్గురో, నలుగురో, అయిదుగురో పోతారు. చేప అమ్మాక డీజిలు, ఐసు, తిండి ఖర్చు తీసి, మిగిలింది వాటాలు వేస్తారు. బోటుకు, ఇంజనుకు, వలకు వేరే వాటా ఉంటుంది. ఊరికో వాడుక. కాని న్యాయం ఒక్కటే. ఇంజను పేరిట వాటా తీసిన తర్వాత, ఇంజను రిపేరు ఆ వాటాలోనుంచే పోవాలి. రిపేరును రోజువారీ ఖర్చులో కలిపితే కలాసీ రెండుసార్లు కట్టినట్టు, వాటాలో ఒకసారి, ఖర్చులో ఒకసారి. ఇంజను చెడి బోటు ఒడ్డున కూర్చున్న రోజుల్లో అతనికి కూలీ ఉండదు. అంటే మూడోసారి కూడా కడుతున్నాడన్నమాట.

ఇక్కడ బోటు యజమాని అంటే పెద్ద భూస్వామి అనుకోరాదు. చాలా చిన్న బోట్లకు యజమాని తానే కలాసీ, తానే డ్రైవరు. సావుకారు ఇంజనుకు అప్పు ఇస్తాడు, చేప తనకే వేయమంటాడు, ధర తనే కడతాడు. వడ్డీ కాగితం మీద కనబడదు, తగ్గించిన ధరలో దాగి ఉంటుంది. కనుక చిన్న యజమానీ కలాసీ ఒకరి మీద ఒకరు పడటం కాదు, లెక్క ఇద్దరి ముందూ విప్పి రాయడం నేర్చుకోవాలి. ఇంజను నడిచిన గంటలు, పోసిన నూనె, మార్చిన సామాను, పెట్టిన ఖర్చు, అన్నీ ఒక నోటుపుస్తకంలో ఉంటే మోసానికి చోటు తగ్గుతుంది.

సాయం ఎంత? ఎప్పుడు?

వేట నిషేధ కాలానికి ఇచ్చే సాయాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో 10,000 రూపాయలు చేసింది. 2025లో 20,000 చేసింది. పెంపు మంచిదే, పోరాడి అడిగిన కోరికే. అయినా లెక్క వేద్దాం. 61 రోజులకు పంచితే రోజుకు సుమారు 328 రూపాయలు. ఇంటి తిండికే సరిపోని సొమ్ములో ఇంజను ఎక్కడ? 2025లో ఈ డబ్బు ఏప్రిల్ 26న విడుదల చేశారు. అప్పటికి నిషేధం మొదలై 11 రోజులు. అప్పు చేయాల్సినవాడు అప్పటికే సావుకారు అరుగు ఎక్కి ఉంటాడు.

డీజిలు రాయితీని 2019లో లీటరుకు 6 రూపాయల 3 పైసల నుంచి 9 రూపాయలకు పెంచారు. చిన్న మోటారు బోటుకు నెలకు 300 లీటర్ల పరిమితి. అంటే అంతా సక్రమంగా అందినా నెలకు 2,700 రూపాయలు. పది హార్సుపవరు డీజిల్ ఇంజను పూర్తి వేగంతో నడిస్తే గంటకు రెండు లీటర్లకు పైనే తాగుతుంది. రోజుకు ఏడు గంటల చొప్పున ఆ 300 లీటర్లు ఇరవై రోజులకు మించి రావు. మరోపక్క, కేంద్ర ప్రభుత్వం 2018 నుంచి డీజిలు మీద రోడ్ల, మౌలిక సదుపాయాల సెస్సు వసూలు చేస్తున్నది. సముద్రం మీద రోడ్డు ఎక్కడ ఉన్నదో కేంద్ర పాలకులే చెప్పాలి!

దారి లేకపోలేదు

కేరళ మత్స్యకారులు తమ సహకార సంఘాలను కలిపి 1980లో తిరువనంతపురం కేంద్రంగా దక్షిణ భారత మత్స్యకార సంఘాల సమాఖ్య ఏర్పరచుకున్నారు. అది అవుట్‌బోర్డు మోటార్లు, విడిభాగాలు సభ్యులకు అందించింది, మరమ్మతు కేంద్రాలు నడిపింది. సామాను దుకాణం సంఘానిదైతే రిపేరు కోసం సావుకారు గడప తొక్కాల్సిన అవసరం తగ్గుతుంది.

మనకు కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక శిక్షణ సంస్థ ఉంది, విశాఖలో కేంద్ర సంస్థ శాఖ ఉంది. ఆ చదువు ఒడ్డుకు దిగాలి. ప్రతి పెద్ద మత్స్యకార పల్లెలో ఇద్దరు యువకులకు ఇంజను పని నేర్పి, పనిముట్ల పెట్టె ఇచ్చి, సహకార సంఘం కింద కూర్చోబెడితే ఊరి డబ్బు ఊళ్లోనే ఉంటుంది.

మత్స్యకారుల కోర్కెలు ఇవి: నిషేధ సాయం ఏప్రిల్ 15కు ముందే చేతికందాలి. కలాసీల పేర్లు జాబితాలో ఒక్కటీ పోరాదు. తిండికిచ్చే సాయం కాక, ఇంజను మరమ్మతుకు వడ్డీలేని రుణం సహకార సంఘం ద్వారా ఇవ్వాలి. వేట డీజిలుకు రోడ్డు సెస్సు ఎత్తివేయాలి. ఒడ్డున మంచినీటి కుళాయి, మరమ్మతు షెడ్డు కట్టాలి.

ఇవి వచ్చేదాకా మన జాగ్రత్త మనం విడవరాదు. ఇంజను ఎంత మంచిదైనా తెడ్డు, తాడు, లంగరు, మారు పిన్ను, మంచినీళ్లు, టార్చిలైటు, మనిషికొక లైఫ్ జాకెట్టు లేకుండా బోటు కదలరాదు. ఆపదలో కోస్టుగార్డు నంబరు 1554 ప్రతి కలాసీకీ నోటికి రావాలి.

ఈ సంగతి తీరానికి మాత్రమే చెందినది కాదు. వేటలేని రోజుల్లో ఊడ్పులకు, కోతలకు, ఉపాధి పనికి మన పక్కన నిలబడేది ఈ కలాసీలే. వాళ్లు అప్పులో మునిగి తక్కువ కూలికి ఒప్పుకుంటే మన కూలిరేటు కూడా దిగుతుంది. కాబట్టి వ్యవసాయ కార్మిక సంఘాలు, మత్స్యకార సంఘాలు ఈ కోర్కెల మీద కలిసి కదలాలి. నిషేధం మొదలయ్యాక కాదు, మార్చిలోనే మండలాఫీసు ముందు కూర్చోవాలి.